కరువు సీమలో కృతజ్ఞతాస్తోత్రము

(శతవార్షికోత్సవ సందర్భంగా నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల విశ్వాసుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శ్రమలలో కృతజ్ఞత, శ్రమల ద్వారా దైవప్రేమ అనే విషయం గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు మమ్మల్ని కోరారు. సరేనన్నాం గాని, ఇంటికి వెళ్ళాక భయం పట్టుకుంది. ఈ మాటను తేలికగా చెప్పేవారివల్ల నొచ్చుకున్నవారిలో మేమూ ఉన్నాం. 1996లో మా మూడేళ్ళ బిడ్డ జ్వరంతో పోయింది. పరామర్శకు వచ్చిన ఒక పెద్దమనిషి, "దేవుడు ఏం చేసినా మన మంచికే, స్తోత్రం చెప్పుకోండి" అని చెప్పి, ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఆయన చెడ్డవారు కారు. ఏం మాట్లాడాలో తోచక ఆ మాట అని ఉంటారు. కాని ఆ రాత్రి మా ఇంటావిడ జపమాలకు కూర్చోలేదు. మేమూ రమ్మని పిలవలేదు. ఇంకా చాలా రోజులు ఆమె కూర్చోలేదు.

అందుచేత మొదట ఒక సంగతి తేల్చుకుని ముందుకు పోదాం. బిడ్డ పోయినందుకు స్తోత్రం చెప్పమని తిరుసభ ఎవరినీ అడగలేదు. పైరు ఎండినందుకు, రోగం వచ్చినందుకు, అప్పులవాడు గడపలో నిలబడినందుకు స్తోత్రం చెప్పమనీ అడగలేదు. క్రీస్తునాథుడే గెత్సేమని తోటలో ఆ పాత్రను తననుంచి తొలగించమని తండ్రిని వేడుకున్నాడు. లాజరు సమాధి దగ్గర కన్నీరు కార్చాడు. ఏడవకూడదనేది మన వేదంలో లేదు. కీర్తనల గ్రంథం తెరిస్తే మొర పెట్టుకునే కీర్తనలు ఎన్ని ఉన్నాయో చూడండి. "ఎందుకు చేయి విడిచావు?" అని దేవుణ్ణి నిలదీసేవి కూడా ప్రార్థనలుగానే మనకు అందాయి.

మరి కృతజ్ఞత ఎక్కడ మొదలవుతుంది? ఆదివారం ఆదివారం మనం చేసే పూజలోనే దానికి జవాబు ఉంది. దివ్యసత్ప్రసాదానికి గ్రీకు భాషలో ఉన్న పేరు యూకరిస్తియా. ఆ మాటకు అర్థం కృతజ్ఞతాస్తోత్రం. ప్రభువు రొట్టె చేత పట్టుకుని తండ్రికి వందనాలు చెల్లించినది ఏ రాత్రి? కష్టం గట్టెక్కాక కాదు. తనను అప్పగించడానికి బేరం కుదుర్చుకున్నవాడు ఆ బల్ల దగ్గరే కూర్చున్న రాత్రి. మూడుసార్లు ఎరుగనని చెప్పబోయేవాడు కూడా పక్కనే ఉన్నాడు. తెల్లవారితే ఏం జరుగుతుందో ఆయనకు తెలుసు. ఆయన స్తోత్రం చెల్లించింది రానున్న సిలువ బాధకు కాదు. చేతిలో రొట్టె ఉంది, పైన తండ్రి ఉన్నాడు, చుట్టూ ఎంత బలహీనులైనా తనవారు ఉన్నారు. మాకు అర్థమైనంతవరకు కథోలిక ఆధ్యాత్మికతలో కృతజ్ఞత అంటే ఇదే. శ్రమకు స్తోత్రం చెప్పడం వేరు, శ్రమలో ఉండి స్తోత్రం చెప్పడం వేరు.

ఇప్పుడు ఒక ఇంటి కథ చెబుతాం. మన బైబులులో తోబీతు గ్రంథం ఉంది. నంద్యాలలో మన ఇరుగుపొరుగున ఉండే సి.ఎస్.ఐ. సహోదరుల బైబులులో సాధారణంగా ఇది కనిపించదు. వారిలో ఎవరైనా ఇక్కడ ఉంటే మా పుస్తకం తీసుకెళ్ళి చదవండి. పద్నాలుగే అధ్యాయాలు, ఒక్క సాయంత్రం చాలు.

తోబీతు నీనెవె పట్టణానికి చెరపట్టి తీసుకుపోబడినవాడు. పరాయి దేశంలో కూడా ఆకలిగొన్నవారికి అన్నం పెట్టాడు, దిక్కులేని శవాలను పూడ్చిపెట్టాడు. అటువంటి పుణ్యకార్యం చేసి వచ్చి, ఒక రాత్రి వాకిట గోడవారన పడుకుంటే పిచ్చుకల రెట్ట కళ్ళలో పడింది. పొరలు కమ్మి చూపు పోయింది. వైద్యులు పూసిన మందులతో ఇంకా చెడింది. నాలుగేళ్ళు గుడ్డివాడైపోయాడు. భార్య అన్నా నేతపని చేసి కూలి తెచ్చి ఇల్లు నడిపింది. ఒకరోజు పని ఇచ్చినవారు కూలితోపాటు ఒక మేకపిల్లను కూడా ఇచ్చారు. ఇంట్లో మేకపిల్ల అరుపు విని తోబీతు, "ఇది ఎక్కడిది? దొంగిలించినదేమో, తిరిగి ఇచ్చేయ్" అన్నాడు. ఇచ్చారని ఆమె ఎంత చెప్పినా నమ్మలేదు. అప్పుడు ఆమెకు ఒళ్ళు మండింది. నీ దానధర్మాలు ఏమయ్యాయి, నీ పుణ్యం ఏమయింది అని ముఖాననే అడిగేసింది.

కష్టకాలంలో మన ఇళ్ళలో జరిగేది ఇదే కదా! కరువు వచ్చిన ఇంట్లో మొదట ఎండిపోయేది బావి కాదు, ఆలుమగల మధ్య ఉన్న నమ్మకం. తోబీతు ఏడ్చాడు, తనకు చావు ఇవ్వమని దేవుణ్ణి వేడుకున్నాడు. సరిగ్గా అదే సమయంలో దూరాన మాదియ దేశంలో సారా అనే ఆడపిల్ల కూడా ఏడుస్తూ చావే అడిగింది. ఆ రెండు మొరలూ ఒకేసారి దేవుని సన్నిధికి చేరాయని గ్రంథం చెబుతుంది. చావు అడిగినవారికి దేవుడు తోడు పంపాడు. ఆ తోడు రెక్కలు కట్టుకుని రాలేదు. దారి తెలిసిన మనిషిగా, రోజుకు ఒక ద్రాక్మా కూలికి కుదిరి, తోబీతు కొడుకు వెంట నడిచాడు. చూపు తిరిగి వచ్చి, ఆ కూలిమనిషికి సంపాదనలో సగం ఇద్దామని తండ్రీకొడుకులు పిలిచినప్పుడు గాని, అతడు రఫాయేలు దేవదూత అని వారికి తెలియలేదు. తోబీతు పాడిన పెద్ద స్తోత్రం ఆ తరువాతిది. కాని స్తోత్రానికి కారణమైన తోడు ఎన్నో దినాల ముందే ఇంటి గడప తొక్కింది.

అయితే తోబీతు తన భార్యను క్షమాపణ అడిగినట్టు ఆ గ్రంథంలో మాకు ఎక్కడా కనిపించలేదు. మా ఇంటావిడ దీన్ని చదివి, "రాసినాయన మగాయన గదా, ఆ ఒక్కటీ మర్చిపోయినాడు" అంది.

తోబీతు చెరలో ఉండి నిలిచాడు. మన ప్రాంతపు కథోలికులు కూడా ఒక విధమైన చెరలోనే నిలిచారు. ఆళ్ళగడ్డకు సమీపంలో ఆలమూరు ఉంది. పద్దెనిమిదవ శతాబ్దంలో పుదుచ్చేరి నుంచి వచ్చిన ఫ్రెంచి యేసుసభ గురువుల కర్ణాటక మిషనులో ఆ ఊరు ఒకటి. ఆ గురువులు సన్యాసుల్లాగా కాషాయం కట్టి, శాకాహారం తిని, తెలుగు నేర్చుకుని మన మధ్య బ్రతికారు. వారిలో ఒకరైన కేర్దూగారు తెలుగుకూ సంస్కృతానికీ నిఘంటువు సమకూర్చిన పండితులు. మన పెద్దలు దేవుణ్ణి "సర్వేశ్వరుడు" అని పిలిచే అలవాటు ఆ కాలపు గురువుల నోటినుంచి వచ్చినదే.

తరువాత ఏమయింది? ఒక పక్క నిజాము, హైదరు, మరాఠా దండులు, మరో పక్క కరువులు. ఈ ప్రాంతపు కథోలిక కుటుంబాలు కొన్ని గుంటూరు సీమకూ, కొన్ని తమిళనాట చెంగల్పట్టు వైపుకూ వలసపోయాయి. అది చాలదన్నట్టు 1773లో పోపు పద్నాలుగవ క్లెమెంటుగారు యేసుసభనే రద్దు చేశారు. పారిసు నుంచి వచ్చిన విదేశ మిషను గురువులు బాధ్యత తీసుకున్నా, ఉన్నవారు పిడికెడుమంది, తిరగవలసిన దేశం విశాలం. తెలుగునాటికి మిల్‌హిల్ గురువులు వచ్చింది 1875లో. నడుమ నూరేళ్ళు. ఇప్పుడు మన విచారణలో గురువు రెండు ఆదివారాలు రాకపోతే మనం మేత్రాణులవారికి ఉత్తరం రాస్తాం. ఆ నూరేళ్ళలో పూజ అరుదు, పాపసంకీర్తనం అరుదు. నోటికి వచ్చిన జపాలూ, ఇంటి పెద్దలూ, అవ్వలూ, ఉపదేశులూ మిగిలారు. సంస్కారాలు అందనివారు కృతజ్ఞతను దేనితో పోషించుకున్నారు అని మేము చాలాసార్లు ఆలోచించాం. దానికి జవాబు కొంతవరకు మా ఇంట్లోనే దొరికింది. అది చెప్పేముందు కరువు మాట కూడా చెప్పాలి.

1876 నుంచి 1878 వరకు నడిచిన ధాత కరువును మన సీమ మరచిపోలేదు. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ నడుమ కర్నూలు జిల్లా దాదాపు నాలుగోవంతు మనుషులను పోగొట్టుకుంది. 1877లో సహాయ పనులలో మగవాని దినకూలిని ఒక పౌను ధాన్యానికీ స్వల్ప పైకానికీ తగ్గించారు. రాళ్ళు కొట్టే మనిషికి ఆ తిండి ఏ మూలకు? తిండిగింజలు రేవులకెక్కి విదేశాలకు పోతూనే ఉన్నాయి. ఇది మనుషులు చేసిన పని. దీన్ని దేవుని చిత్తమని చెప్పి స్తోత్రం పలికించడం దేవుణ్ణి అవమానించడమే అవుతుంది. కృతజ్ఞత పేరు చెప్పి పేదవాడి నోరు మూయించే బోధ ఎక్కడ విన్నా, అది మన ప్రభువు బోధ కాదని ధైర్యంగా అనుకోండి.

దానికి పదేళ్ళ ముందు, 1866 కరువులో, మన ఆళ్ళగడ్డకు దాపునే ఉన్న ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డిగారు గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టారు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. పతకం సంగతి పక్కన పెడదాం. ఆయన పేరును సీమ జనం ఈనాటికీ పాటలో పాడుకుంటున్నారు. ఆయన మన మతస్థులు కారు. అయినా ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన చేయి ఎవరిదైనా, ఆ అన్నం పంపినవాడు సర్వేశ్వరుడే. ఆ పాట కూడా ఒక కృతజ్ఞతాస్తోత్రమే అని మేము అనుకుంటాం.

ఇక మాయమ్మ సంగతి. ఆమెకు అక్షరం ముక్క రాదు. జపమాల, త్రికాల జపం, విశ్వాస సంగ్రహం కంఠతా వచ్చు. రోజూ రాత్రి జపమాల అయ్యాక, సంగటి గిన్నె ముందు పెట్టుకుని ఒక ప్రశ్న అడిగేది: "ఈ పొద్దు మనకు ఎవరు చేసినారు?" ప్రతి ఒక్కరూ ఒక పేరు చెప్పాలి. ఏం చేశారో చెప్పాలి. ఆ పేరుకు ఒక మంగళవార్త జపం చెప్పాక గాని చేయి గిన్నెలో పెట్టనిచ్చేది కాదు.

2002లో వాన మొహం చాటేసింది. మా బోరు ఎండిపోయింది. రెండోది వేయించాం, దుమ్ము లేచింది. ఎద్దులను అమ్మేశాం. ఆ రోజుల్లో ఒక రాత్రి మాయమ్మ అలవాటుగా ప్రశ్న అడిగితే మాకు కోపం ఆగలేదు. "ఎవరూ చెయ్యలేదు! దేవుడు కూడా చెయ్యలేదు!" అని అరిచాం. ఆమె మమ్మల్ని తిట్టలేదు. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. పక్కింటి దూదేకుల పెద్దాయన తన బోరులో సగం పూట నీళ్ళు పట్టుకోనిచ్చాడు. ఆళ్ళగడ్డలో అంగడి ఆయన బాకీ ఎత్తకుండా బియ్యం ఇచ్చాడు. బడిలో అయ్యవారు పిల్లవాడి ఫీజు మాట ఎత్తలేదు. నాలుగో వేలికి వచ్చి, "నీవు అరిచినావు. నోరుందిగదా, అదీ ఆయన ఇచ్చిందే" అంది. మాకు నవ్వు వచ్చింది. కోపంలో ఉన్న మనిషికి నవ్వు వస్తే ఏం చేస్తాడు? మంగళవార్త జపం చెప్పి సంగటి తిన్నాం.

మాయమ్మ శాంతమూర్తి అనుకోకండి. వాన రాలేదని సర్వేశ్వరుణ్ణి పేరు పెట్టి నిలదీసేది. "నీవు ఏ ఊరికి పోయినావయ్యా?" అని సిలువ ముందు నిలబడి అడగడం మేము చెవులారా విన్నాం. ఆ అడిగిన నోటితోనే రాత్రి పేర్లు లెక్కపెట్టేది. రెండూ ఆమెకు ఒకే ప్రార్థన.

ఆమె పోయిన కొన్నేళ్ళకు మేము పునీత లొయోలా ఇన్యాసివారి ఆధ్యాత్మిక సాధనలను గురించి చదివాం. ఆయన 1521లో పాంప్లోనా కోటలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, మంచాన పడి, ఆ మంచంమీదనే దేవుని వైపు తిరిగినవారు. దినచర్యను పరిశీలించుకునే ఆత్మశోధనకు ఆయన అయిదు మెట్లు చెప్పారు. మొదటి మెట్టు పాపాలు వెతుక్కోవడం అనుకుంటాం. కాదు. పొందిన మేలులకు దేవునికి వందనాలు చెల్లించడం. పాపాల లెక్క ఆ తరువాతనే. అది చదివి మేము పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాం. మాయమ్మకు ఇది ఎవరు నేర్పారు? ఆలమూరుకు వచ్చిన యేసుసభ గురువులు ఇన్యాసివారి బిడ్డలే. వారినుంచి అవ్వల నోటిగుండా ఆమె దాకా వచ్చిందని చెప్పాలని మాకు ఎంతో ఆశ. ఆధారం లేదు గనుక చెప్పం.

ఇన్యాసివారు సాధనల చివర దైవప్రేమను పొందడానికి ఒక ధ్యానం పెట్టారు. అందులో రెండు సంగతులు మొదటే చెబుతారు. ప్రేమ మాటలలో కంటే క్రియలలో కనబడాలి. ప్రేమించుకునేవారు తమకు ఉన్నది ఒకరికొకరు పంచుకుంటారు. ఆ తరువాత పొందిన మేలులను ఒక్కొక్కటిగా జ్ఞప్తికి తెచ్చుకోమంటారు. అంటే దేవుణ్ణి ప్రేమించు అని ఊరికే ఆజ్ఞాపించలేదు. ముందు పేర్లు లెక్కపెట్టించారు. లెక్క పూర్తయ్యేసరికి, నేను తిరిగి ఏమివ్వాలి అనే ప్రశ్న దానంతట అదే వస్తుంది.

అయినా ఈ లెక్క ఎవరికీ త్వరగా రాదు. చిన్న తెరేజమ్మగారు 1897లో, ఇరవైనాలుగేళ్ళకే, క్షయతో కన్నుమూశారు. చివరి ఏడాదిన్నర ఆమె విశ్వాసం చీకటిలో నడిచింది. పునీతురాలికే అంత చీకటి అయితే మనవంటివారికి ఆలస్యం కావడంలో వింత లేదు.

మా ఇంటావిడకు రెండేళ్ళు పట్టింది. 1998లో ఒక రాత్రి మేమంతా జపమాలలో ఉండగా వచ్చి చాప చివర కూర్చుంది. జపం అయ్యాక మాయమ్మ ఎప్పటి ప్రశ్న అడిగింది. అందరమూ పేర్లు చెప్పాం. ఆమె వంతు వచ్చేసరికి ఎవరమూ ఆమె వైపు చూడలేదు. ఆమె బిడ్డ పేరు చెప్పింది. "మూడేండ్లు మనింట్లో ఉండింది" అంది. అంతే. తీసుకుపోయినందుకు కాదు, ఇచ్చినందుకు. మాయమ్మ మంగళవార్త జపం మొదలుపెట్టింది గాని ముగించలేకపోయింది. మిగతాది పిల్లలు చెప్పారు. మేము విన్న ప్రసంగాలన్నిటిలోనూ మాకు గుర్తున్నది ఆ నాలుగు మాటలే.

ఆ తరువాత ఆమె నడతలో వచ్చిన మార్పును మేము దగ్గరనుండి చూశాం. ఊళ్ళో ఎవరి బిడ్డ పోయినా మొదట ఆ ఇంటికి వెళ్ళేది ఆమే. ఏమీ బోధించదు. ఆ ఇంటి పొయ్యి వెలిగించి, అన్నం వండి, పిల్లలకు పెట్టి వస్తుంది. 2019 సెప్టెంబరులో కుందూ పొంగి నంద్యాల ప్రాంతం నీళ్ళలో మునిగినప్పుడు, మా వీధి ఆడవాళ్ళను పోగుచేసి చిత్రాన్నం పొట్లాలు కట్టించింది. మేము పొట్లాలు మోశాం. దూదేకుల పెద్దాయన కొడుకు ట్రాక్టరు తెచ్చాడు. వాళ్ళ బోరునీళ్ళు తాగినవాళ్ళం, వాళ్ళ ట్రాక్టరుకు డీజిలు పోయిస్తామంటే ఒప్పుకోలేదు.

ఇంకొక్క సంగతి చెప్పి కూర్చుంటాం. మన కర్నూలు మేత్రాసనంలోని పోలూరులో 1961లో పుట్టిన పూల ఆంథోనిగారు 2008లో మన మేత్రాణులై, 2020లో హైదరాబాదు అగ్రమేత్రాణులై, 2022 ఆగస్టు 27న కార్డినలు అయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినలు, దళితులలో కూడా మొదటివారు. పేదరికంవల్ల ఏడవ తరగతితో ఆయన చదువు ఆగిపోతే, మిషనరీలు ఆదుకుని మళ్ళీ చదివించారు. ఆ వార్త విని మనమంతా టపాకాయలు కాల్చాం, మిఠాయిలు పంచాం. మంచిదే. కాని ఆనాడు ఆ పిల్లవాణ్ణి బడికి పంపిన చేయి లేకపోతే ఈ వేడుక లేదు. ఏడవ తరగతిలోనో, పదవ తరగతిలోనో పుస్తకాలు మూసి పత్తి ఏరడానికి పోతున్న పిల్లలు మన విచారణలలో ఈనాడు కూడా ఉన్నారు. వారి పేర్లు ఉపదేశులకు తెలుసు. ఈ శతవార్షిక సావనీరులో ప్రకటనలకు ఇచ్చినవారు ఎందరో ఉన్నారు, వారికి వందనాలు. అచ్చు ఖర్చులు పోగా మిగిలినది ఆ పిల్లల హాస్టలు ఖర్చులకు ఇవ్వాలని మేము కమిటీవారిని అడిగాం. ఆలోచిస్తామన్నారు. ఈ సభలోనే మళ్ళీ అడుగుతున్నాం.

మాయమ్మ ప్రశ్న ఇప్పుడు మా ఇంట్లో మనుమడు అడుగుతున్నాడు. వాడికి తొమ్మిదేళ్ళు. సెల్లుఫోను పక్కన పెట్టమంటే పెట్టడు గాని, ఈ ప్రశ్న అడిగే హక్కు మాత్రం ఎవరికీ ఇవ్వడు. నిన్న రాత్రి వాడి వంతు వచ్చినప్పుడు, మధ్యాహ్నం వాన మొదలైతే తనను బడినుంచి ఇంటిదాకా దింపిన ఆటో ఆయన పేరు చెప్పాలనుకున్నాడు. పేరు తెలియదు. "పేరు తెలీకుంటే జపం చెప్పచ్చా, అవ్వా?" అని అడిగాడు. చెప్పచ్చు అని మా ఇంటావిడ మొదలుపెట్టింది. పొద్దున్నే వాడు రోడ్డుమీదికి పరుగెత్తి ఆ ఆటో కోసం నిలబడ్డాడు. మేము ఇక్కడికి బయలుదేరేసరికి ఇంకా అక్కడే ఉన్నాడు.